కాలవలో పడిన చుక్క

నేను ముప్పై రెండేళ్ళకే రిటైరయ్యేను. ఆ మాటంటే మా అత్తయ్యగారు నవ్వుతారు. "రిటైరవడానికి నువ్వేమైనా హెడ్మాస్టరుగా చేసేవా అమ్మాయ్? మానేసేనని చెప్పు, సరిపోతుంది" అంటారు. మానేసేనంటే మధ్యలో వదిలేసి వచ్చినట్టుంటుంది. నేను వదిలెయ్యలేదు. ఆ పనిలో నాకు చేతనైనది చేసి, ఇంక చాలనిపించి, నవ్వు మొహంతోనే బయటికొచ్చేను. అందుకని రిటైరయ్యేననే అంటాను.

రెండోవాడు పడుకున్నాక ఇది రాస్తున్నాను. వాడి ఊపిరి వినబడుతోందా లేదా అని మధ్యలో లేచి చూసొస్తూ ఉంటాను కాబట్టి ఎక్కడైనా తెగినట్టుంటే ఏమీ అనుకోకండి. వెబ్ పేజీల పనిలోకి, అందులోనూ కదలికల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. జీతాలెంత, ఏ కోర్సు చెయ్యాలి, ఎప్పుడు సీనియరవుతాం లాంటివి ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్ళకి కొదవలేదు.

ఇంతకీ ఏం పని

మా ఆఫీసు అమలాపురంలో ఒక మందుల షాపు పైన ఉండేది. మూర్తిగారు మా యజమాని. హైదరాబాదులో చాలాకాలం పనిచేసి, సొంతూరికొచ్చి ఈ చిన్న కంపెనీ పెట్టేరు. మిగతావాళ్ళు పేజీలు కట్టేవారు. ఆ పేజీల్లో ఏది కదిలినా, అది ఎలా కదలాలన్నది నా పని.

ఫోనులో ఒక గుర్తు నొక్కితే పక్కనుంచి మెనూ జారుకుంటూ వస్తుంది చూడండి. అలా రావడానికి సెకనులో మూడోవంతు పడుతుందనుకోండి. ఆ కాస్త సేపట్లో అది ఎలా రావాలి? ఒకటే వేగంతో వచ్చి టక్కున ఆగితే తలుపు మొహమ్మీద వేసినట్టుంటుంది. నెమ్మదిగా బయల్దేరి, ఊపందుకుని, మళ్ళీ నెమ్మదించి ఆగితే కంటికి హాయిగా ఉంటుంది. దీన్నే ఈజింగ్ అంటారు. బ్రౌజర్లో రెడీమేడ్ నడకలు కొన్ని ఉంటాయి. అవి సరిపోనప్పుడు మన నడక మనమే గీసుకోవాలి.

గీయడం అంటే నిజంగా గీతే. ఒక చదరం ఊహించుకోండి. ఎడమ నుంచి కుడికి కాలం. కింద నుంచి పైకి దూరం. కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి ఒక గీత. దానికి రెండు పిడులుంటాయి. వాటిని పట్టుకుని లాగితే గీత వంగుతుంది. ఆ రెండు పిడులూ ఎక్కడున్నాయో చెప్పే నాలుగు అంకెలు కోడ్‌లో రాస్తాం. నా ఉద్యోగమంతా ఆ నాలుగు అంకెలే అంటే అబద్ధం కాదు.

అందులో ఒక చిత్రం ఉంది. పిడిని చదరం పై అంచు దాటించి కూడా లాగవచ్చు. అప్పుడు కదిలే వస్తువు తన చోటు దాటి కొంచెం ముందుకెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి ఆగుతుంది. మాటల్లో పడి సొంత గుమ్మం దాటిపోయి, నాలిక్కరుచుకుని వెనక్కి తిరిగిన మనిషిలాగన్నమాట. ఇది గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా దీని గురించే.

మూర్తిగారి ఊపు

మూర్తిగారికి ఆ దాటి వెనక్కొచ్చే వంపంటే ప్రాణం. ఏ పేజీ చూపించినా, "బావుందమ్మా. ఇంకాస్త ఊపు పెట్టు" అనేవారు. బటన్లు ఊగేవి, ఫోటోలు ఊగేవి. ఒకసారి హోమియో డాక్టరుగారి పేజీలో ఆయన ఫోటో కూడా ఊగింది. డాక్టరుగారు ఫోన్ చేసి, "నన్ను ఉయ్యాల్లో ఎందుకు పెట్టేరండీ?" అని అడిగేరు.

బండారులంక నేత చీరల పేజీ చేసినప్పుడు మాత్రం నేను ఒప్పుకోలేదు. మడత పెట్టిన చీర మీద నొక్కితే పైట చెంగు విచ్చుకోవాలి. మూర్తిగారు చెంగు చివర ఊపు పెట్టమన్నారు. పెట్టి చూస్తే చీర సిల్కు చున్నీలా ఎగిరిపడుతోంది. నేత చీర అలా ఉండదు. చిన్నప్పుడు మా అమ్మా నేనూ చెరో కొస పట్టుకుని గంజి పెట్టిన చీరలు లాగేవాళ్ళం. ముందు మొరాయిస్తుంది. తర్వాత ఒక్కసారిగా విచ్చుకుని, వెళ్ళిన చోటే నిలబడుతుంది. ఆ నడకే గీసేను. మొదట్లో బాగా బరువు, మధ్యలో తేలిక, చివర ఊపు సున్నా.

మూర్తిగారు మళ్ళీ మళ్ళీ నొక్కి చూసి, "ఇస్త్రీ చేసినట్టుందమ్మా" అన్నారు. ఆయన దగ్గర అది మెచ్చుకోలో కాదో తెలుసుకోవడం కష్టం. పేజీ మాత్రం అలాగే వెళ్ళింది.

ముందు వస్తువు బరువెంతో చూసుకోండి, అంకెలు తర్వాత. తేలికైనవి ఊగితే ముచ్చటగా ఉంటుంది. బరువున్నవి ఊగితే అబద్ధంగా ఉంటుంది. బస్సు బరువైనది. ఈ సంగతి చీర దగ్గర తెలిసిన నాకు బస్సు దగ్గర ఎందుకు తట్టలేదో ఇప్పటికీ చెప్పలేను.

బస్సు

అమలాపురంలో ఒక స్కూలువాళ్ళు, పిల్లల బస్సు ఎక్కడుందో తల్లిదండ్రులు ఫోనులో చూసుకునేలా పేజీ కావాలన్నారు. బస్సులో ఒక చిన్న పరికరం ఉంటుంది. పది సెకన్లకోసారి ఎక్కడున్నదీ చెబుతుంది. మ్యాపు మీద ఎర్ర చుక్క అక్కడికి వెళ్తుంది. మా ఆద్య, అంటే మా పెద్దది, అదే స్కూల్లో ఒకటో క్లాసు. అదే బస్సు. మా ఊరు అమలాపురానికి అరగంట దూరం, దారి కాలవ గట్టు మీద.

మొదట్లో చుక్క కప్పలా గెంతేది. దాన్ని సాఫీగా నడిపించమన్నారు. నేను రెడీమేడ్ నడక వేసేను. నెమ్మదిగా బయల్దేరి నెమ్మదిగా ఆగేది. దాంతో పది సెకన్లకోసారి బస్సు ఆగి మళ్ళీ బయల్దేరుతున్నట్టు కనబడింది. ఒకావిడ స్కూలుకి ఫోన్ చేసి, "మీ డ్రైవరు గారు అడుగడుక్కీ బండి ఆపుతున్నారేంటండీ, ఒంట్లో బాలేదా?" అని అడిగేరట.

అప్పుడు సొంతంగా గీసేను. బయల్దేరడంలో ఆలస్యం లేకుండా, చివర కూడా ఆగినట్టు అనిపించకుండా. మూర్తిగారు చూసి, "జీవం లేదమ్మా, చివర ఇంకాస్త ఊపు" అన్నారు. పెట్టేను. రావులపాలెం వెళ్ళే పెద్ద రోడ్డు మీద బస్సు పెట్టి చూస్తే చాలా బావుంది. చుక్క దారి వెంటే కొంచెం ముందుకెళ్ళి వెనక్కొచ్చేది. తిన్నని రోడ్డు కదా, దాటినా రోడ్డు మీదే ఉంటుంది.

ఇంకొకటి మూర్తిగారు పెట్టించేరు. సిగ్నల్ పోతే చుక్క ఉన్నచోటే ఆగిపోవాలి. "తెలియనప్పుడు కదపకూడదు, అది నిజాయితీ" అన్నారు. అదీ సబబే అనిపించింది.

విడివిడిగా చూస్తే రెండూ మంచివే. రెంటినీ కలిపి మా గట్టు రోడ్డు మీద ఎవరం చూడలేదు.

ఆ సాయంత్రం

వానాకాలం. స్కూలు వదిలేసేరు. నేను ఆఫీసులో ఉన్నాను. ఫోన్ మోగింది. మస్కట్ నుంచి మా ఆయన సతీష్. అక్కడ ఏసీలు బాగుచేసే కంపెనీలో పని. ఆ టైములో డ్యూటీ, ఎప్పుడూ చెయ్యరు.

"మాధవీ, పాప ఎక్కడుంది?"

"బస్సులో ఉందండీ. ఇంటికి వచ్చేస్తూ ఉంటుంది."

"బస్సు కాలవలో ఉంది."

"ఏంటండీ?"

"చుక్క కాలవలో ఉందే. నీళ్ళ మీద. ఇందాకట్నుంచీ కదలట్లేదు. నువ్వు తీసి చూడు."

తీసి చూసేను. వంతెన ముందు మలుపు. రోడ్డు కుడికి తిరిగింది. ఎర్ర చుక్క తిరగలేదు. తిన్నగా వెళ్ళి నీలం రంగులో నిలబడింది. ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. మలుపు దగ్గరికి చేరిన చుక్క ఊపుకోసం కొంచెం ముందుకు వెళ్ళింది. అది వెనక్కి వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఉన్నచోటే ఆగిపోయింది. మా దగ్గర రోడ్డుకీ కాలవకీ మధ్య గట్టు తప్ప ఇంకేం లేదు.

"అది బస్సు కాదండీ," అన్నాను. "అది నేను పెట్టిన వంపు. చుక్క చోటు దాటి వెనక్కి రావాలి, ఈలోపు సిగ్నల్ పోయింది, అంతే."

"నీ వంపు సంగతి నాకెందుకే. పాప ఎక్కడుంది చెప్పు."

నాకు చుక్క ఎందుకు అక్కడుందో తెలుసు. బస్సు ఎక్కడుందో తెలీదు. మలుపు దగ్గర, వానలో, కాలవ పక్కన సిగ్నల్ ఎందుకు పోయిందో కూడా తెలీదు. సిగ్నల్ పోవడానికి కారణాలు చాలా ఉంటాయి. నీళ్ళు కూడా ఒక కారణం. ఆ ఆలోచన రాగానే ఆ ఫోన్ పెట్టేసి డ్రైవరుకి చేసేను.

డ్రైవరు సత్తిబాబు గారి ఫోన్ కలవలేదు. స్కూలు నంబరు ఖాళీగా లేదు. ఆఫీసు ఫోన్ మోగడం మొదలెట్టింది. మూర్తిగారు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుతున్నారు. "ఆయ్, ఏం కాలేదండీ. ఆయ్, మేం కనుక్కుంటున్నామండీ. కువైట్ నుంచా అండీ? ఆయ్, ఆయ్, మీ బాబు బానే ఉంటాడండీ." నా మొహం చూసి ఫోన్ పక్కన పడేసి లేచేరు. "పదమ్మా, బండెక్కు."

దారంతా ఆయన ఒకటే మాట. "ఏమీ ఉండదమ్మా. ఏమీ ఉండదు."

"మీకెవరు చెప్పేరండీ?" అని అరిచేను. యజమాని మీద అరవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన బండి వేగం పెంచేరు.

గట్టు రోడ్డెక్కేక నేను రోడ్డు చూడలేదు, కాలవే చూసేను. నీళ్ళ మీద గుర్రపుడెక్క దట్టంగా ఉంది. ఎక్కడైనా చీలి ఉందా, ఎక్కడైనా పసుపు రంగు కనబడుతోందా అని చూసేను. మలుపు వచ్చింది. తిరిగేం.

బస్సు రోడ్డు మీద ఉంది. నిక్షేపంగా, నాలుగు చక్రాల మీద నిలబడి, అద్దం తుడుచుకుంటోంది. దాని ముందు ఒక కొబ్బరికాయల లారీ. వెనక చక్రం మెత్తటి గట్టులో దిగబడిపోయి వంతెనకి అడ్డంగా ఉండిపోయింది. పదిమంది నెడుతున్నారు. బస్సు కిటికీల నిండా పిల్లల తలకాయలు. వాళ్ళు నెట్టినప్పుడల్లా ఇక్కడ వీళ్ళు "హోయ్" అని అరుస్తున్నారు.

మా ఆద్య నన్ను చూసి, "అమ్మా! నువ్వు కూడా లారీ చూడ్డానికొచ్చేవా?" అంది.

సత్తిబాబు గారు తలుపు తీసి, "ఏంటి మేడమ్, ఇలా తడిసిపోయేరు? ఇక్కడ ఫోన్లు పని చెయ్యట్లేదండీ, పొద్దున్నించీ టవరు పోయింది" అన్నారు. నేను పాపని కిందకి దింపుకుని ఎత్తుకున్నాను. ఆరేళ్ళ పిల్ల, బరువే. దింపబుద్ధి కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మస్కట్లో ఆ మనిషి ఇంకా నీళ్ళ మీద చుక్కనే చూస్తున్నారని. నా ఫోనులో కూడా సిగ్నల్ లేదు. పాపని ఎత్తుకునే వచ్చిన దారిన వెనక్కి నడిచేను. ఫోనులో సిగ్నల్ గీత ఒకటి కనబడగానే ఆగి ఫోన్ చేసి పాప చెవి దగ్గర పెట్టేను.

"నాన్నా, లారీ పడిపోయింది!" అంది అది.

"నాన్నా?" అంది. చాలాసేపటికి ఆయన గొంతు వచ్చింది. "బూట్లు తడిసేయా తల్లీ?"

"ఆఁ. సాక్సులు కూడా."

"తడిస్తే తడిసేయిలే," అన్నారు. ముగ్గురం అలా కాసేపు ఫోన్ పట్టుకుని ఉన్నాం.

తర్వాత గీసిన గీత

మర్నాడు స్కూలుకి తల్లిదండ్రులొచ్చేరు. ఒక తాతగారు మూర్తిగారిని నిలబెట్టి, "మా ఆవిడకి బీపీ పెరిగి పడుకుందండీ. ఇదేం తమాషా?" అన్నారు. మూర్తిగారు చేతులు జోడించేరు. "తప్పు మా కంపెనీదండీ" అన్నారు. వంపు గీసిన మనిషి వెనక కుర్చీలో కూచునుందని చెప్పలేదు. బయటికొచ్చేక నాతోనూ అనలేదు. ఊపు పిచ్చి ఉన్నా ఆయన దగ్గరే అన్నేళ్ళు ఎందుకు పనిచేసేవని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. కింది మనిషిని ముందుకు తోసే యజమాని దగ్గర ఎంత అందమైన పనైనా నేర్చుకోకండి.

ఆఫీసుకి రాగానే, "చుక్క తీసేద్దామమ్మా. మనకెందుకీ గొడవ" అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. ఆ మాట ఇంటికొచ్చి ఫోనులో చెప్తే మా ఆయన గట్టిగా వద్దన్నారు.

"తీసెయ్యకండి. నువ్వయితే గుమ్మంలోకెళ్ళి చూస్తావు. అమ్మయితే రోడ్డు దాకా వెళ్తుంది. నాకేముంది? నా రూములో మా ఊరివాళ్ళే నలుగురం. టీ టైములో నలుగురం అదే చూస్తాం. మాకున్నది ఆ చుక్కే."

"మరి మళ్ళీ కాలవలో పడితే?"

"తెలియకపోతే తెలియదని చెప్పమను. చాలు."

ఆ వారమంతా నేను గీసినది అదే. చుక్కకి ఊపు తీసేసేను. బస్సులో పరికరం పంపే ఒక కబురుకీ ఇంకో కబురుకీ మధ్య ఒకే వేగం, తిన్నని గీత. కష్టపడి సొంత వంపులు నేర్చుకున్న మనిషి చివరికి వంపు లేని గీత పెట్టింది. కావాలనే చుక్కని బస్సుకన్నా ఒక కబురు వెనక నడిపించేను. ఇప్పుడు అది ఊహించదు, బస్సు నిజంగా నడిచిన చోటే నడుస్తుంది. సిగ్నల్ పోతే చివరగా కబురందిన చోటికి వెళ్ళి, రంగు పోయి తెల్లబడుతుంది. పక్కన 'ఇక్కడ చివరగా కనబడింది' అని వస్తుంది.

మిగిలింది ఒక్కటే. సిగ్నల్ తిరిగి వచ్చేక ఆ తెల్ల చుక్క అసలు చోటికి ఎలా వెళ్ళాలి? గెంతితే భయం. ఉరికితే ఇంకా భయం, డ్రైవరు తోలేస్తున్నాడనుకుంటారు. ఇక్కడ మాత్రం నిజంగా వంపు కావాలి. ముందు కొంచెం సేపు రంగు తెచ్చుకుంటుంది, కదలదు. చూసేవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆ సమయం. తర్వాత రోడ్డు వెంటే నెమ్మదిగా కదిలి, మధ్యలో వేగం అందుకుని, చివర ఒక్క వెంట్రుకంత కూడా దాటకుండా నిలబడుతుంది. ఆ నాలుగు అంకెల కోసం ఎన్ని సార్లు చెరిపేనో. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ గమనించలేదు. గమనించనంత బావుందనే అర్థం.

ఇంకొక మాట మర్చిపోయేలోపు చెప్పేస్తాను. మా అత్తయ్యగారికి కళ్ళు తిరిగే జబ్బుంది. పేజీలో పెద్ద బొమ్మలు జారితే ఆవిడకి వాంతొచ్చినట్టుంటుంది. అలాంటివాళ్ళ కోసం ఫోన్లలో కదలికలు తగ్గించే సెట్టింగు ఉంటుంది. మీ పేజీ ఆ మాట వినాలి. వినని పేజీ ఎంత అందంగా ఉన్నా నా లెక్కలో ఫెయిలే.

మొన్న

చిన్నవాడు పుట్టేక ఆఫీసుకి వెళ్ళలేదు. మూర్తిగారు, "నీ కుర్చీ అలాగే ఉంచుతానమ్మా" అన్నారు. "వద్దండీ, ఇచ్చేయండి" అన్నాను. ఇప్పుడు ఆ కుర్చీలో కొత్తపేట అమ్మాయి కూచుంటోంది. బాగా చేస్తోందట. ఊపు తగ్గించమని ఆయన్నే కోప్పడుతోందట. విని తేలికపడ్డాను. ఇప్పుడు తెర మీద ఏది కదిలినా నేను సరిచెయ్యక్కర్లేదు, ఉత్తినే చూడవచ్చు.

మొన్న సాయంత్రం చుక్క వంతెన దగ్గర, మలుపుకి కొంచెం ముందే తెల్లబడింది. చిన్నవాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. భయం పోయిందని చెప్పను, అది నాకు పుట్టుకతో వచ్చింది. ఫోన్ మోగింది.

"తెల్లబడింది," అన్నారు మా ఆయన.

"చూసేనండీ."

"అంటే దానికి తెలీదన్నమాట. తెలిసేక చెప్తుందిలే. వాడు పడుకున్నాడా?"

ఆయన గొంతులో కంగారు లేదు. ఆ వేళ వానలో విన్న గొంతు ఇదేనా అనిపించింది. చిన్నవాడి కబుర్లు చెప్తున్నాను. వీధి మలుపులో హారన్ వినబడింది. బస్సు మా గుమ్మం ముందు ఆగింది, మాదే ఆఖరి స్టాపు కాబట్టి కాసేపు అక్కడే ఉంటుంది. ఆద్య దిగి, సంచీ నా కాళ్ళ దగ్గర పడేసి, నీళ్ళ కోసం లోపలికి పరిగెత్తింది.

"వచ్చేసిందండీ," అన్నాను.

"ఇక్కడ ఇంకా రాలేదే!"

"మీ చుక్క రాలేదు. పాప వచ్చేసింది. నీళ్ళు తాగుతోంది."

ఆయన నవ్వేరు. ఫోన్ పెట్టెయ్యమంటారేమో అనుకున్నాను. "ఉండు, దాన్నీ రానీ" అన్నారు. అక్కడ ఆయన, ఇక్కడ గుమ్మంలో నేను, ఫోన్లు పట్టుకుని చూస్తున్నాం. కాసేపటికి వంతెన దగ్గర తెల్ల చుక్క కొంచెం కొంచెంగా ఎర్రబడింది. కదలకుండా ఒక్క క్షణం ఆగింది. తర్వాత గట్టు రోడ్డు పట్టుకుని, మలుపు దగ్గర మలుపు తిరిగి, తొందర లేకుండా వచ్చి, మా గుమ్మం ముందు ఆగింది.

"ఆయ్, వచ్చింది," అన్నారు మా ఆయన. "ఇంక డ్యూటీకి వెళ్తాను."